ఎర్రమ్మ తల దగ్గర అగరుబత్తులు

నిన్న ఒక రోగి ఇంట్లో అడుగుపెట్టగానే అగరుబత్తి వాసన ముక్కుకు తగిలింది. దేవుడి గూట్లో వెలిగించినదే. అయినా గుమ్మంలోనే ఆగాను. సుభద్ర సిస్టర్ గుర్తొచ్చారు.

పదేళ్ల కిందట, ఇక నయం కాదని ఆస్పత్రులు పంపేసినవాళ్లకు ఇళ్ల దగ్గరే సేవ చేసే పనిలో ఆవిడ కింద చేరాను. శ్రీకాకుళం నుంచి జీపులో ఊళ్లు తిరిగేవాళ్లం. నర్సునని చేతికి పట్టా వచ్చింది గానీ పట్టు రాలేదు. ఒకరోజు సముద్రపొడ్డున ఎర్రమ్మ ఇంటికి వెళ్లాం. చేపలమ్మి బతికిన మనిషి. గర్భసంచి ముఖద్వారానికి వచ్చిన క్యాన్సర్ బాగా ముదిరిపోయింది. వలలు దాచే గదిలో మంచం వేశారు. ఆ గదిలో పుండు వాసనకు నా కళ్లు తిరిగాయి. ఆమెకు మేలు చేస్తున్నాననుకుని, నిజానికి నా ముక్కుకే, గూట్లో ఉన్న కట్ట తీసి నాలుగు అగరుబత్తులు ఆమె తల దగ్గర వెలిగించాను.

"ఏటమ్మా, అప్పుడే ఎలిగించీసినావు? నాకింకా పేనముంది," అంది ఎర్రమ్మ.

సిస్టర్ వాటిని నీళ్లలో ముంచి ఆర్పి, బ్యాగు తెరవకుండానే వెళ్లి మంచం మీద కూర్చున్నారు. "ఎర్రమ్మా, టీ పెట్టించవా? ఇక్కడే తాగుతాం."

"ఈ కంపులోనా? మతి పోనాదేటి నీకు! సేపల కంపు నాకెరికే. ఇది ఏరు. నా కూతురే గుమ్మం దాటదు. తల దువ్వి ఎన్నాళ్లయినాదో సూడు. సచ్చేలోగా అదొక్కసారి నా పక్కన కూకుంటే సాలు."

కూతురు పైడమ్మ గుమ్మం అవతలి నుంచే టీ గ్లాసులు లోపలికి జరిపింది. "వాంతొస్తాది సిస్టరమ్మా. నానేటి సెయ్యను?" అని ఏడ్చింది.

"నీ తప్పు కాదమ్మా. అది మేం చూడాల్సిన పని," అని సిస్టర్ చివరి గుక్క దాకా తాగారు. నేనూ తాగాను. అది లోపలే నిలవాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఆ తర్వాత రోజూ వెళ్లాం. పుండు కడిగి, వాసన తగ్గించే మాత్రల పొడి చల్లిన గుడ్డ మార్చేవాళ్లం. నొప్పికి మార్ఫిన్ ఇచ్చేవాళ్లం. వారానికి వాసన పోలేదు గానీ, పక్కన మనిషి కూర్చోగలిగేంత తగ్గింది. ఆ ఉదయం పైడమ్మ దువ్వెనతో లోపలికొచ్చింది. చిక్కులు విడక సగం జుట్టు కత్తిరించాల్సొచ్చింది. "ఒసే, మెల్లగ! అది తలే, వల కాదు," అంది ఎర్రమ్మ, కళ్లు మూసుకుని.

మరో నాలుగు రోజులకు ఎర్రమ్మ పోయింది. మేం వెళ్లేసరికి పైడమ్మ తల్లి తల దగ్గరే కూర్చుని ఉంది. చేతిలో అగరుబత్తుల కట్ట.

"ఇప్పుడు ఎలిగించొచ్చా సిస్టరమ్మా?" అని నన్నడిగింది.

అగ్గిపుల్ల నేనే గీశాను. మూడు పుల్లలు వృథా అయ్యాయి.

సుభద్ర సిస్టర్ కూడా ఇప్పుడు లేరు. నేను మాత్రం ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచం మీద కూర్చుంటాను, తర్వాతే బ్యాగు తెరుస్తాను. అక్కడే తాగుతానని టీ అడుగుతాను. నిన్నా అడిగాను. నాకు టీ అసలు పడదు.