మా తోడల్లుడి జలపాతం

మా తోడల్లుడు జలపాతం దగ్గర గైడు. నేను అదే జలపాతానికి టికెట్లిచ్చే గుమాస్తాను. ఆయన ఎనిమిదో తరగతి తప్పాడు, నేను డిగ్రీ పాసయ్యాను. అయినా పాతికేళ్ళుగా జలపాతం ఆయనది, కిటికీ నాది. ఆ కిటికీలోంచి చూస్తే కనిపించేది బస్సుల వరస. నీళ్ళ హోరు మాత్రం పొద్దస్తమానం చెవిలో పడుతూనే ఉంటుంది.

ఆయన పనితనం గురించి చెప్పాలి, ఇష్టం లేకపోయినా చెప్పాలి. మూడొందల మెట్లు దిగేటప్పుడు ఒక్క మాట మాట్లాడడు. చివరి మలుపు దగ్గర అందరినీ ఆపి, ఫోన్లు జేబుల్లో పెట్టించి, నీటితెర వైపు చూస్తూ ఉండమంటాడు. కాసేపటికి తెర చీల్చుకుని నల్లటి చిన్న పిట్ట దూసుకొస్తుంది. తెర వెనక రాతి సందుల్లో వాటి గూళ్ళున్నాయి. ఆ తర్వాతే నోరు విప్పుతాడు. వానాకాలంలో నీళ్ళు ఎర్రగా ఎందుకు దూకుతాయో, చలికాలంలో ఏడు పాయలుగా ఎందుకు చీలతాయో, ఏ బండ మీది నాచు కాలు జారుస్తుందో చెబుతాడు. తడిసి పైకొచ్చిన జనం నా కిటికీ దగ్గర ఆగి, ఆ గైడు కోసమైనా మళ్ళీ రావాలంటారు. టికెట్ బాగా చింపావని నాతో ఎవరూ అనలేదు. నాకు కుళ్ళు. దాచడమెందుకు, నిలువెల్లా కుళ్ళే.

ఆయనకి పిల్లల్లేరు. నాకు ఒక్కతే కూతురు. దానికి ఐదేళ్ళప్పుడు భుజాన ఎక్కించుకుని జలపాతం చూపించిందీ ఆయనే. ఆదివారాలు నాకు కౌంటర్ వదిలే వీలుండేది కాదు. దాని చదువు పూర్తయ్యాక ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడి రెండో కిటికీలో కుర్చీ ఖాయం చేయించాను. అది విని, తను గైడు పని నేర్చుకుంటానంది. బావగారి దగ్గరయితే భయం లేదని నా భార్య వంతపాడింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు, సందర్శకుల పుస్తకం తీసి, చూడ్డానికొచ్చిన వాళ్ళెవరో రాసినట్టు ఎడమచేత్తో రాశాను. గైడు మా పిల్లల్ని కంచె దాటించి బామ్మ ఒడిలో కూర్చోబెట్టాడనీ, చిన్నవాడు జారి నీళ్ళలో పడబోయాడనీ రాశాను. బామ్మ ఒడి అంటే నీళ్ళ పక్కనే పల్లంగా ఉండే బండ. కింద ఏదో సంతకం గీకాను.

మూడో రోజున ఆఫీసరు ఆయన్ని పిలిపించి, బ్యాడ్జి తీసుకుని, విచారణ తేలేదాకా మెట్లు దిగొద్దన్నాడు. ఆయన ఆ పేజీ చదివి, ఎప్పుడో తీసుకెళ్ళి ఉంటాను, తప్పు నాదే అన్నాడట. ఆయన ఏనాడూ ఎవరినీ కంచె దాటించలేదని నాకు తెలుసు.

నా కూతురు ఊరుకోలేదు. రాసినవాళ్ళని వెతికి పట్టుకుని అడుగుతానని పుస్తకం తెరిచింది. చదివి ముందు ఆయన దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"నాన్నా, అక్కడి బోర్డు మీద మూడో నంబరు బండ అనే ఉంటుంది. బామ్మ ఒడి అని నా చిన్నప్పుడు పెద్దనాన్న నాకోసం పెట్టిన పేరు. మనింట్లో వాళ్ళకి తప్ప అది ఎవరికి తెలుసు?"

నేను టికెట్ల కట్ట సర్దుతూ కూర్చున్నాను.

"పెద్దనాన్నకి చదవగానే తెలిసిపోయింది. నిన్నేమీ అనొద్దన్నాడు."

నిజం చెబుతున్నాను, సిగ్గుకంటే ముందు నాకు ఒళ్ళు మండింది. క్షమించే గొప్పతనం కూడా ఆయనకే దక్కింది.

కిటికీ మూసి, పుస్తకం పట్టుకుని ఆఫీసరు గదికి నడిచాను. పశ్చాత్తాపం అనుకోకండి, నా కూతురు వెనకాలే వస్తోంది. నన్ను టికెట్ల గదిలోంచి తీసి బస్సులు నిలిపే చోట వేశారు. ఆయన మళ్ళీ మెట్లు దిగాడు, ఆయన వెనకే అదీ దిగింది. ఎదురుపడితే ఆయన "తమ్ముడూ, భోంచేశావా?" అంటాడు. తిడితే బాగుండును.

ఏడాది గడిచింది. మొన్న ఒక పెద్దమనిషి తల తుడుచుకుంటూ బస్సెక్కబోయి నా దగ్గర ఆగాడు. తను చాలా జలపాతాలు చూశాడట గానీ, ఈ గైడమ్మాయి చూపించినట్టు ఎవరూ చూపించలేదట.

"ఎంతైనా తండ్రి పోలిక. ఆ పెద్ద గైడుగారి అమ్మాయే కదండీ?" అన్నాడు.

వాళ్ళిద్దరూ మెట్లెక్కి వస్తున్నారు. ఆయనకి ఆయాసంగా ఉన్నట్టుంది, అది చెయ్యి అందించింది.

"ఔనండీ, ఆయన కూతురే" అన్నాను. బస్సు వెనక్కి తియ్యమని విజిల్ వేశాను.