పూజనాడు లేవని సర్వీసు

మా సిస్టమ్స్ పెద్దాయన పోయారు. ఈ కబురు నాకు మొబైల్లో మెసేజీగా వచ్చింది. పంపినవారు హిందీ మాట్లాడే ఆదిత్యపూర్‌లో ఒకప్పుడు ఆయనా నేనూ కలిసి పనిచేసిన ఫ్యాక్టరీ వర్క్స్ మేనేజరు. "మన పాత కాటా బాబు మరణించారు. సంతాప సభ శనివారం క్యాంటీన్లో. టీ, సమోసా ఉంటాయి." అంతే మెసేజీ. పదిహేనేళ్ళు ఆ కంపెనీ కంప్యూటర్లని కంటికి రెప్పలా చూసుకున్న మనిషి, చివరికి గేటు దగ్గర లారీలు తూచే కాటా బాబుగా పోయారు. చావు కబురులో సమోసా గురించి రాయడం మరిచిపోని ఆ మేనేజరుకు, ఆయన కాటాకి ఎందుకు వెళ్ళారో మాత్రం అప్పటికింకా తెలియదు. నాకు తెలుసు.

పెద్దాయన శ్రీకాకుళం వైపు మనిషి. మొదట టెలిప్రింటర్ ఆపరేటరుగా చేరి, టెలిప్రింటర్లు పోయి కంప్యూటర్లు వచ్చాక వాటినీ చేత్తో పట్టి నేర్చుకున్నారు. డిగ్రీ లేదు. ఆయన కింద కొత్తగా చేరిన నేను అక్కడి సోనారి కాలనీలో ఇంజనీరు కూతుర్ని, చేతిలో బి.టెక్. పట్టా, నోట్లో ఇంగ్లీషు. ఆయన "ఏటమ్మా" అంటే నాకు లోలోపల నవ్వొచ్చేది. ఈయన దగ్గర నేను నేర్చుకునేదేముంటుంది అనుకున్నాను. నా బుర్రకి అంతకంటే ఎక్కువ తోచలేదు.

సర్వర్ గదిలో ఏ.సి. పడక, మండే మేలో కూడా ఆయన గోధుమరంగు స్వెటరు వేసుకునేవారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు దాన్ని కుర్చీకి తగిలించేవారు. ఇంకో అలవాటు ఉండేది. ఏదైనా కొత్త ప్రోగ్రాం పెడితే లాగౌట్ చేసి, గదికి తాళం వేసి, క్యాంటీన్‌కి వెళ్ళి తాపీగా టీ తాగి, అక్కడి కంప్యూటర్ నుంచి అది నడుస్తోందో లేదో చూసేవారు. ఇదేం చాదస్తం సార్ అని ఒకసారి అడిగాను.

"నువ్వు సూత్తన్నప్పుడు నడిసిందంటే అది తమాసా. నువ్వు ఇంటికెల్లిపోయినాక కూడా నడిత్తేనే సర్వీసు. తెలిసిందేటి?" అన్నారు.

కలకత్తా నుంచి టైలు కట్టుకుని వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళంటే ఆయనకు గిట్టేది కాదు. ఒకడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా సర్వర్‌ని ఆపి ఆన్ చేసి, ఆపి ఆన్ చేసి, మేనేజరుతో చేతులు కలిపి వెళ్ళిపోయాడు. "బేగు బరువుగానే ఉందమ్మా. మనిసిలోనే ఏటీ లేదు," అని వాడు పీకి వదిలేసిన కేబుల్ని తిరిగి పెట్టారు పెద్దాయన. పని అయిపోయింది. ఆ టై వాడికి మేనేజరు ప్రశంసాపత్రం పంపించారు. ఇలాంటి చోట కూడా మనుషులు నిజాయితీగా పనిచేస్తారంటే నాకిప్పటికీ వింతే.

కలకత్తా హెడ్డాఫీసుకీ మాకూ మధ్య వి.పి.ఎన్. పెట్టే పని నాకు అప్పజెప్పారు. అందరూ వాడే ఇంటర్నెట్‌లోంచే, బయటివాళ్ళకు కనపడకుండా మనకంటూ ఒక దారి వేసుకోవడం అన్నమాట. ఆ దారి తెరిచి ఉంచే ప్రోగ్రాం తెర మీద కనపడదు, వెనకాల నడుస్తూ ఉంటుంది. అది ఆగితే కలకత్తా నుంచి చలాన్ రాదు. చలాన్ లేనిదే లారీ గేటు దాటదు. నేను దాన్ని ఓ మధ్యాహ్నం నా చేత్తో స్టార్ట్ చేశాను. అది పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాను, నడిచింది. గొప్పగా చేతులు దులుపుకున్నాను.

"కంప్యూటరు ఆగి లేత్తే దానంతటదే మొదలయ్యేలాగ పెట్టీసావా అమ్మా? పాస్‌వర్డు రిజిస్టర్లో రాసీసావా?" అని అడిగారు పెద్దాయన.

"రెండూ అయిపోయాయి సార్," అన్నాను. రెండూ చేయలేదు. ఆ మెషీన్ ఎప్పుడూ ఆగదు కదా, టెలిప్రింటర్ మనిషికి ఇవన్నీ ఎందుకు అనుకున్నాను. ఆయన నా మాట నమ్మారు. క్యాంటీన్ నుంచి చూస్తే నడుస్తూనే కనిపించింది మరి.

రెండు నెలలకి విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా వైపు యంత్రమన్నది తిరగదు. లేతు మెషీన్లన్నీ ఆపి, కడిగి, సింధూరం పెట్టి, బంతిపూల దండ వేస్తారు. సర్వర్‌ని ఆపనక్కర్లేదని పెద్దాయన ఏటా మొత్తుకునేవారు. "మషీన్ తో మషీన్ హై," ఏదైనా యంత్రం యంత్రమేగా, అనేవారు మేనేజరు. ఆ ఏడూ మేనేజరు మాటే నెగ్గింది. సర్వర్‌ని ఆపి, దాని నుదుటనో నడుమునో తెలియని చోట బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు దాని మీద పడకుండా పెద్దాయన తన స్వెటరు అడ్డం పెట్టారు.

పూజ కాగానే నేను ఇంటికి పోయి, అమ్మానాన్నలతో స్కూటర్ల మీద పందిళ్ళు చూడ్డానికి బయల్దేరాను. అక్కడ ఫ్యాక్టరీలో సర్వర్ ఆన్ చేశారు. అది లేచింది, నా వి.పి.ఎన్. లేవలేదు. తప్పెక్కడో పెద్దాయన వెంటనే పట్టేశారు. చేత్తో స్టార్ట్ చేద్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. రిజిస్టర్ తెరిస్తే ఆ గడి ఖాళీ. అప్పటికింకా నాకు మొబైల్ లేదు. తాళం వేసిన మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. పూజ అయిన సాయంత్రమే కదలాల్సిన లారీలు ఖర్కాయి నది వంతెన దాకా బారులు తీరాయి. సరుకు అందక పెద్ద ఖాతాదారు కంపెనీలో ఒక షిఫ్టు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున నేను వచ్చి పాస్‌వర్డ్ కొట్టేసరికి మేనేజరు గదిలోనే ఉన్నారు. "కిస్‌కీ గల్తీ హై?" తప్పెవరిదని అరిచారు. నేనింకా ప్రొబేషన్లో ఉన్నాను.

"మేరీ గల్తీ హై, సాబ్," అన్నారు పెద్దాయన. "నేనే మరిచిపోయాను."

పది రోజుల్లో అంతా సర్దిపెట్టి కాటాకి పొమ్మన్నారు ఆయన్ని. నేను నోరు విప్పలేదు. వారం తిరక్కుండా పక్కనే ఉన్న గమ్హరియాలో వేరే ఉద్యోగం చూసుకుని, ఆ రోజు తర్వాత సర్వర్ గది గుమ్మం తొక్కకుండానే పారిపోయాను. ఆ మేనేజరుని చూస్తే నాకెంత రోతో, ఆ రోజు నా ముఖం అద్దంలో చూసుకుంటే అంతే రోత.

నాలుగేళ్ళ తర్వాత ఈ సంతాప సభ. రెండు నిమిషాల మౌనం షిఫ్టు హూటర్ మోగడంతో అర నిమిషంలో ముగిసింది. మేనేజరు గొంతు సవరించుకుని, "ఒకసారి పూజ రోజున పొరపాటు చేశాడు, అయినా మేం పెద్ద మనసుతో క్షమించాం," అన్నారు హిందీలో. ముందు వరసలో పెద్దాయన భార్య తల వంచుకుని కూర్చుంది.

లేచి నిలబడ్డాను. "ఆ పొరపాటు ఆయనది కాదు. నాది. చేయని పని చేశానని ఆయనతో అబద్ధం చెప్పాను," అన్నాను.

మేనేజరు వాచీ చూసుకుని టీ వైపు చెయ్యి చూపించారు. "ఠీక్ హై, ఠీక్ హై. చాయ్ లీజియే," అన్నారు. నాలుగేళ్ళుగా నా గుండెల మీద బండలా కూర్చున్న మాటని వాళ్ళు సమోసాతోపాటు నమిలి మింగేశారు.

ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి తెలుసమ్మా. ఆ రోజే ఇంటికొచ్చి సెప్పీసారు. ఆడగుంట కొత్తగా సేరింది, మొదటి ఉద్యోగంలోనే ఎల్లగొట్టీత్తే ఇంకెవులు తీసుకుంటారు, నాకేటి, కాటా అయినా ఒకటే అన్నారు." కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఆయన సలికేసుకునే సెట్టరు ఆ గదిలోనే ఒగ్గీసారు. కాస్త తెచ్చిపెడతావేటి?"

సర్వర్ గదికి మేనేజరే తాళం తీశారు. కుర్చీకి స్వెటరు అలాగే వేలాడుతోంది. మూలన పాత సర్వర్. దాని పైన ఎర్రగా తడిసి ఎండిన కాగితం ముక్క అతికించి ఉంది.

"అది ఆయన వెళ్ళేముందు రాసిన మంత్రం," అన్నారు మేనేజరు, ఒక్కసారిగా భక్తి తెచ్చుకుని. "ఏటా పూజలో దానికే సింధూరం పెడతాం. అప్పట్నుంచి పూజకి ఆపినా ఒక్కసారి కూడా మొరాయించలేదు."

ఆ ఫ్యాక్టరీలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళం ఆయనా నేనూ ఇద్దరమే. ఆయన చేతిరాత చూడగానే పోల్చుకున్నాను. "అమ్మా, పూజకి ఆపుకోవచ్చు. పాస్‌వర్డు అడగదు. దానంతటదే లేత్తాది."

కింద ఇంకో మాట ఉంది. దాని మీద నాలుగేళ్ళ సింధూరం పేరుకుపోయింది. స్వెటరు చంకలో పెట్టుకుని, వేలితో మెల్లగా గీకాను. ఎర్రటి పొడి రాలింది. వెనక సర్వర్ ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. చివరికి అక్షరాలు బయటపడ్డాయి.

"బయపడకు."