చూసినట్టా, చూడనట్టా

కోడుమూరు సాలెవీధిలో భీమమ్మ గంజి పట్టించిన పడుగుకు వంక పెట్టినవాళ్ళు లేరు. యాభై ఏళ్ళు దాటాక కూడా ఆమె కుంచె వదలలేదు.

మగ్గం మగవాళ్ళది. దాని ముందుపని ఆడవాళ్ళది. పొద్దు పొడవకముందే వీధి పొడవునా పడుగు పరిచి, రెండు కొసలూ కర్రలకు బిగించి, గంజి పట్టించాలి. ఆ తర్వాత కుంచెతో దువ్వుతూ పోగును పోగు నుంచి విడదీయాలి. ఎండ ఎక్కితే గంజి గట్టిపడుతుంది, పోగులు అతుక్కుంటాయి, పడుగంతా పాడవుతుంది. అందుకని కుంచె పట్టిన మనిషి కొస చేరేదాకా తల తిప్పదు. పిల్లలు ఏడ్చినా అంతే. ఆ వీధిలో దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

దుందుభి సంవత్సరం, అంటే 1922, శ్రావణమాసంలో ఒక పొద్దున భీమమ్మ పెద్దకూతురు గంగాదేవి పడుగు కింద దూరి ఆడుకుంటూ ఉంది. దానికి అయిదేళ్ళు. రెండేళ్ళ చిన్నకూతురు ఉరుకుందమ్మ ఇంట్లో నిద్రపోతోంది. భీమమ్మ సగం పడుగు దువ్వి తల ఎత్తేసరికి, గంగ ఎవరో ఆడమనిషి చెయ్యి పట్టుకుని సంత వైపు పోతూ కనిపించింది. వీపులే కనిపించాయి. గంజి పట్టే రోజుల్లో ఆడబిడ్డ వచ్చి పిల్లను తన ఇంటికి తీసుకుపోయి సంగటి పెట్టడం అలవాటు. ఆమే అనుకుంది. పిలవలేదు. మిగతా సగం దువ్వింది. చేతులు కడుక్కుని ఆడబిడ్డ ఇంటికి పోయింది. ఆడబిడ్డ మూడు రోజులుగా జ్వరంతో మంచం దిగలేదు.

బావుల్లో పాతాళగరిగెలు వేసి వెదికారు. భీమమ్మ భర్త కంబన్న రెండు నెలలు మగ్గం ఎక్కలేదు. వెల్దుర్తి, పత్తికొండ, కర్నూలు తిరిగాడు. పోలీసు స్టేషనులో పిల్ల ఒంటిమీద ఏముందని అడిగారు. పచ్చ పావడా అన్నాడు కంబన్న. కాదు, నీలిగళ్ళ గుడ్డ అంది భీమమ్మ. రాసుకునే మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూసి రెండూ రాసుకున్నాడు.

కనబడకుండా పోయిన మనిషి విషయంలో వాళ్ళ కులంలో ఒక కట్టు ఉంది. పన్నెండేళ్ళు ఏ కబురూ లేకపోతే పోయినట్టే లెక్క. గడ్డితో బొమ్మ కట్టి, కాల్చి, దినాలు చేస్తారు. అంతవరకు ఆ మనిషి బతికి ఉన్నట్టే. అయితే పన్నెండేళ్ళు మొదలయ్యేది తప్పిపోయిన రోజు నుంచి కాదు. చివరి కబురు అందిన రోజు నుంచి.

ఏడేళ్ళ తర్వాత, శుక్ల సంవత్సరంలో, భీమమ్మ బంధువుల పెళ్ళికి డోను పోయింది. తిరిగి వచ్చి బండి దిగుతూనే వీధికంతటికీ చెప్పింది. స్టేషనులో నంద్యాల వైపు పోయే రైలు కదిలిందట. కిటికీ దగ్గర పన్నెండేళ్ళ పిల్ల కూర్చుని ఉందట. గంగా అని పిలిస్తే తిరిగి చూసిందట. అంతలో రైలు పోయిందట.

పక్కింటి తిమ్మమ్మ ఇల్లిల్లూ తిరిగి బెల్లం పంచింది. కంబన్న మరుసటి రోజే డోను పోయాడు. అక్కడి నుంచి నంద్యాల, ఆ తర్వాత గుంతకల్లు. పది రోజులకు వచ్చి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. "కల గనింటుంది" అన్నాడు. ఆ మాట అనడమే తప్ప దాని గురించి ఆమెను ఏమీ అడగలేదు.

ఆ మొదటి రోజు భీమమ్మ చెప్పింది అంతే. ఏడాది గడిచేసరికి పిల్ల చెయ్యి కూడా ఎత్తింది. మరి రెండేళ్ళకు నుదుటిమీద మచ్చ కనిపించింది.

"మచ్చ సంగతి ముందు చెప్పల్యా గదమ్మే" అంది తిమ్మమ్మ ఒకసారి.

గంగకు మచ్చ ఉన్న మాట నిజమే. అది కిటికీలో కనిపించిందో, కిటికీ గుర్తు చేసుకున్నప్పుడల్లా వచ్చి చేరిందో భీమమ్మ తేల్చుకోలేకపోయింది. ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు.

1935లో ఉరుకుందమ్మకు పదిహేనేళ్ళు వచ్చాయి. ఎమ్మిగనూరు నుంచి నరసన్న తన కొడుకుకు అడగడానికి వచ్చాడు. పిల్ల నచ్చింది. కులపెద్ద మద్దయ్య ఇంటి అరుగు మీద తాంబూలాలకు ముందు నరసన్న గొంతు సవరించుకున్నాడు.

"పెద్దపిల్ల సంగతి తేలల్ల గదప్పా. అక్కకు పెండ్లి గాకుండా చెల్లెలికి చేస్తే రేపు మా వీధిలో నన్నడుగుతారు."

"అది తప్పిపోయి పదమూడేండ్లాయ" అన్నాడు మద్దయ్య. "దినాలు చేసేస్తే ముగిసినట్లే."

"డోనులో కనపడిందని ఇన్నానే. అది కబురా, కాదా? కబురైతే ఇంగా ఆరేండ్లు ఉండాది. ఆరేండ్లు ఆగమంటే మావోనికి మీసం నెరుస్తాది."

మద్దయ్య కంబన్న వైపు చూశాడు. వచ్చే సోమవారం భీమమ్మ నోటితోనే చెప్పించాలని నిశ్చయమైంది.

ఆదివారం ఉరుకుందమ్మ కండెలు చుడుతూ రాట్నం ఆపింది.

"మా, ఒగటి అడుగుతా. కోప్పడొద్దు."

"అడుగు."

"ఆ రైల్లో ఉండింది అక్కేనా?"

"గంగా అంటే తిరిగి చూసె గదమే."

"గట్టిగా పిలిస్తే ఎవురైనా తిరుగుతారు."

"తిరుగుతారు" అంది భీమమ్మ.

"మరి?"

"ఆ పొద్దు నాకు అనుమానం ల్యా. ఇప్పుడు అడిగితే తెలీకుండా ఉండాది."

"తెలీదంటే ఆళ్ళు ఒప్పుకోరు మా. చూసినాననో, చూళ్ళేదనో చెప్పల్ల."

మగ్గం గుంటలోంచి కంబన్న నాడె ఆడించడం ఆపకుండానే అన్నాడు. "దాన్నేం అడుగుతావు. అది చూసింది రైలో, కలో దానికే తెల్దు."

ఉరుకుందమ్మ రాట్నం తిప్పలేదు. "నాకు అక్క మొగం గుర్తు ల్యా మా. ఆయమ్మ పావడాలన్నీ నేనే తొడిగి చింపితి. ఆయమ్మ కంటే పెద్దదాన్నైతి. ఇంగా ఈ ఇంట్లో చిన్నదాన్నే. ఆయమ్మ వస్తే గాని నాకు ఏదీ జరగదంటే ఎట్ల?"

ఆ మాటలో కోపం లేదు. లెక్క అడిగినట్టు అడిగింది. భీమమ్మకు ఆ రాత్రి అన్నం సయించింది, నిద్ర కూడా పట్టింది. అది ఆమెకే వింతగా తోచింది.

సోమవారం అరుగు మీద ఏడెనిమిది మంది కూర్చున్నారు.

"భీమమ్మా, నిన్నెవురూ ఏమీ అనరు" అన్నాడు మద్దయ్య. "శుక్ల సంవత్సరం డోనులో నువ్వు చూసింది నీ బిడ్డనేనా?"

"కాదు మామా."

"కాదంటాండావా, తెల్దంటాండావా?"

"కాదు."

"మరి ఆ పొద్దు అట్ల చెప్తివే?" అన్నాడు నరసన్న.

వెనకనుంచి తిమ్మమ్మ అందుకుంది. "ఏమప్పా, కాదంటే ఎందుకు కాదని అడుగుతావు, అవునంటే ఎందుకు అవునని అడుగుతావు. నీకు కోడలు కావల్నా, సాక్షి కావల్నా?"

అందరూ నవ్వారు. నరసన్న కూడా నవ్వి తాంబూలం పళ్ళెం దగ్గరికి జరుపుకున్నాడు.

కాదు అనే మాట నోటినుంచి బయటపడితే, అది అబద్ధమో నిజమో అప్పుడైనా తెలుస్తుందని భీమమ్మ అనుకుంది. ఇంటికి నడుస్తూ ఆ మాటను మళ్ళీ మళ్ళీ లోపల అనుకుని చూసింది. ఏమీ తెలియలేదు. తను ఆ పిల్లను ఒకసారి వీధిలోనూ, ఒకసారి ఈ అరుగు మీదా పిలవకుండా వదిలేసిందేమోనని ఒక్క క్షణం అనిపించింది. రెండోసారి వదిలేయడానికి అక్కడ పిల్ల ఉందో లేదో కూడా తెలియదు.

నాలుగో రోజు పొద్దున్నే హంద్రి ఏటి ఇసకలోకి పోయారు. నీళ్ళు లేవు. నరసన్న కూడా వచ్చి కొంచెం దూరంలో బీడీ ముట్టించుకుని నిలబడ్డాడు. కంబన్న బోదగడ్డి మోపు విప్పాడు.

"పోయిననాటి వయసుకు కట్టల్ల" అన్నాడు మద్దయ్య. "అయిదేండ్ల పిల్ల."

కంబన్న తల ఊపి కూర్చున్నాడు. తల కట్టాడు. చేతులు కట్టాడు. నడుం దగ్గర నూలు మూడు చుట్లు చుట్టాడు. కాళ్ళకు ఒక పిడికెడు గడ్డి తీసుకున్నాడు. అది చాలలేదన్నట్టు ఇంకొక పిడికెడు జత చేశాడు. ఆ తర్వాత ఇంకొకటి. అతని చేతులు మగ్గం మీద ఉన్నప్పటిలాగే తొందరపడకుండా పోతున్నాయి. బొమ్మ అయిదేళ్ళ పిల్లను దాటిపోయింది. ఉరుకుందమ్మ తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమప్పా కంబన్నా" అన్నాడు మద్దయ్య మెల్లగా. "ఎవురికి కడతాండావు?"

కంబన్న చేతులు ఆగాయి. ఇసక మీద పొడుగ్గా పడుకున్న బొమ్మను ఎవరో కట్టి అక్కడ పెట్టిపోయినట్టు చూశాడు. పన్నెండేళ్ళ పిల్ల అంత ఉంది. నరసన్న బీడీ పడేసి రెండడుగులు ముందుకు వేశాడు.

అందరికంటే ముందు భీమమ్మ వంగింది. గడ్డికాళ్ళను మోకాళ్ళ దగ్గర మడిచింది. కొంగునుంచి ఒక పోగు లాగి కట్టింది. బొమ్మ చిన్నదైంది.

"పండుకునేటప్పుడు ఇట్లే ముడుసుకుంటాండె" అంది.

మద్దయ్య బొమ్మను చూశాడు, తర్వాత భీమమ్మను చూశాడు. నరసన్న వైపు తిరిగి, "కానియ్యండి, ఎండెక్కుతాది" అన్నాడు. నరసన్న ఆగాడు. కంబన్న నిప్పు పెట్టాడు. గడ్డి ఎండుది కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఉరుకుందమ్మ, తిమ్మమ్మ ముందు నడిచారు. కంబన్న, భీమమ్మ వెనక నడిచారు. ఇసక దాటి గట్టు ఎక్కాక కంబన్న అడిగాడు.

"ఎట్ల ఉండె?"

"ఎవురు?"

"ఆ పిల్ల. కిటికీ కాడ. బాగుండెనా?"

ఆరేళ్ళలో అతను ఆ మాట అడగడం అదే మొదలు. భీమమ్మ పది అడుగులు నడిచింది.

"చేతికి గాజులున్నట్లుండె" అంది. మరి కొంత దూరం పోయాక, "ఉండినాయో, ల్యాదో" అంది.

"ఉండింటాయిలే" అన్నాడు కంబన్న.