తీర్పు చిత్రంలో పసివాడు

2014లో నేను లండన్ పక్క క్రోయిడన్‌లోని ఒక స్టూడియోలో కన్సర్వేటర్‌ని. అంటే పాత చిత్రాలను శుభ్రం చేసి, మరమ్మతు చేసే పని. ఆ చలికాలం దగ్గర్లోని చర్చి నుంచి చెక్క మీద వేసిన, లోకాంతాన దేవుడు చెప్పే తుది తీర్పు చిత్రం ఒకటి వచ్చింది. మ్యానరిస్ట్ శైలిది. మెడలూ వేళ్ళూ సాగదీసినట్టుంటాయి, ఒళ్ళు మెలికలు తిరిగి ఉంటాయి. ఎడమవైపు ఆత్మలు పైకి పోతుంటాయి, కుడివైపు నరకంలోకి జారుతుంటాయి. జారేవాళ్ళలో ఒక పసివాడున్నాడు.

చిత్రం వెంట వచ్చింది రూతమ్మ ఆంటీ. గుంటూరు మనిషి, ఇక్కడ నర్సుగా చేసి రిటైరై ఆ చర్చి సామాను చూసుకునేది. నేను తెలుగుదాన్నని తెలిశాక రెండ్రోజులకోసారి వచ్చి కూర్చునేది. ఒకరోజు తన తొలికాన్పు సంగతి చెప్పింది. బిడ్డ పుట్టిన గంటకే పోయాడట, బాప్తిస్మం ఇచ్చే వ్యవధి కూడా లేదట. అలాంటి బిడ్డకు పరలోకం ఉండదని అత్తగారు మొహం మీదే అనేసిందట. చర్చిలో ఆవిడ కూర్చునే వరుస ముప్పై ఏళ్ళుగా ఆ చిత్రం ఎదురుగానే.

"ఆ చిత్రంలో బిడ్డను తర్వాతెవరైనా గీసుంటారా అమ్మాయ్?" అని అడిగింది.

యూవీ ల్యాంప్ కింద పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, తర్వాత వేసిన రంగు నల్లగా కనిపిస్తుంది. పసివాడున్నచోట నల్లగానే ఉంది. పై రంగు కరిగించి చూసే సాల్వెంట్ టెస్ట్ అయ్యేదాకా ఏమీ చెప్పకూడదు. నా నోరు ఊరుకుంటేగా!

"తర్వాత వేసిందే ఆంటీ, తీసేస్తాను," అన్నాను.

ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మర్నాడు స్టీలు డబ్బాలో కోడికూర వండి తెచ్చింది.

వారం తర్వాత దూదిపుల్లతో ఆ రంగు తుడిచాను. పాత పగుళ్ళు కనపడకుండా ఎవరో పూసిన పూత, అంతే. కింద అసలు పసివాడున్నాడు, మునుపటికంటే స్పష్టంగా, నోరు తెరిచి ఏడుస్తూ.

ఆంటీ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. మళ్ళీ కప్పెయ్యమని ఒక్కసారి అడిగింది. అసలు చిత్రాన్ని కప్పే హక్కు మాకు లేదని చెప్పాను.

"అయితే వాడు మొదట్నుంచీ అక్కడే ఉన్నాడన్నమాట," అంది.

కోటు వేసుకుని వెళ్ళిపోయింది. చిత్రం మళ్ళీ గోడకెక్కాక ఆవిడ చర్చికి రావడమే మానేసిందని తర్వాత పాస్టరుగారు చెప్పారు. ఆమె కడుపులో ముప్పై ఏళ్ళుగా ఉన్న బాధను వారంపాటు తీసేసి, మళ్ళీ నా చేత్తోనే పెట్టాను.

ఇప్పుడు ల్యాంప్ దగ్గర నిలబడి ఎవరు ఎంత బతిమాలినా "ఇంకా తెలీదండీ" అంటాను. ఆ స్టీలు డబ్బా మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. తిరిగివ్వడానికి మొహం చెల్లలేదు.