తునికి చెట్టు అవతల

ఇచ్చోడ బస్టాండు ముందు ఎండాకాలమంతా తునికి పండ్లు అమ్మే అజీజాకు ఒకప్పుడు అడవంటే తెలియదు. భర్త రహీమ్ సైకిల్ షాపు నడిపినన్నాళ్లూ ఆమె ఇల్లు దాటలేదు. అతడు మంచాన పడి చనిపోయాక, పక్కవాడలో ఉండే మల్లక్క ఆమెను వెంటబెట్టుకుని అడవికి తీసుకెళ్లింది.

"మెత్తబడి రాలినయే ఏరు చెల్లె. కాయ కొరికితే నోరంత వగరైతది," అని నేర్పింది.

ఆ ఏడు మే నెలలో ఒక పొద్దున మల్లక్క, "నువ్వు ముంగట పో, నేను ఎనుకొస్త," అంది. అజీజా ఒక్కతే వెళ్లి, లోయ అంచున ఉన్న పెద్ద తునికి చెట్టు కింద ఏరుతోంది. మధ్యాహ్నం కావస్తుండగా మాను అవతల ఎండుటాకులు గలగలమన్నాయి.

"వచ్చినవా అక్కా?"

"ఊఁ."

ఇద్దరూ చెరోవైపు ఏరుతున్నారనుకుని అజీజా మాటల్లో పడింది. ఎవరికీ చెప్పనిది ఆ రోజు నోట వచ్చేసింది.

"ఆఖరి దినం ఆయన నీళ్లకు పిలిచిండక్కా. ఇనపడ్డది. రోజు పిలుస్తనే ఉంటడు గదా అని జర ఆగిన. పొయ్యేటాళ్లకు పాణం లేదు."

ఆకుల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా "ఊఁ" అని వినపడింది. ఈసారి మాను అవతల నుంచి కాదు, ఆమె నెత్తి మీది కొమ్మల్లోంచి.

తలెత్తితే ఆకులు తప్ప ఏమీ లేవు. అవతలికి వెళ్లి చూసింది. మనిషి లేదు. ముచ్చికలు తీసిన పండ్లు, ఒక్క ఆకు కూడా కలవకుండా, కుప్పగా పోసి ఉన్నాయి.

గంప అక్కడే వదిలి పరుగెత్తింది. మల్లక్క జ్వరంతో దుప్పటి కప్పుకుని ఇంట్లోనే ఉంది. చెట్టు దగ్గర ఎవరో ఊఁ కొట్టిన సంగతి అజీజా చెప్పింది.

"నువ్వు పోయినసంది లేవలే. ఎలుగుగొడ్డు అయ్యుంటది."

"ఎలుగుగొడ్డు పండ్లు కుప్ప పోస్తదా అక్కా?"

మల్లక్క దుప్పటి తీసి లేచి కూర్చుంది. "దానికి ఏం చెప్పినవ్?" అని అడిగింది.

మూడో రోజు జ్వరం తగ్గాక ఇద్దరూ కలిసి వెళ్లారు. కుప్ప అట్లాగే ఉంది. ఒక్క చీమ కూడా పట్టలేదు. అక్కడే నిలబడి, మల్లక్క చెయ్యి పట్టుకుని, అజీజా ఆ మాట మళ్లీ చెప్పి ఏడ్చింది.

"నన్నూ పిలిచేటోడు నా మొగడు. నేనూ ఎన్నిసార్లు ఆగలేదే," అంది మల్లక్క.

ఆ పండ్లను వాళ్లు ముట్టలేదు. ఇప్పటికీ ప్రతి ఎండాకాలం ఆ చెట్టుకే వెళ్తారు. ఒకరికొకరు కనపడేలా ఒకే పక్కన కూర్చుని ఏరుకుంటారు.