పాకలో బోరోఫాగస్

క్రిస్మస్ పాకలో గొర్రెబొమ్మ కనిపిస్తే చాలు, నాకిప్పటికీ ఒళ్ళు మండుతుందండీ. నా చదువుని అలాంటి గొర్రే మింగేసింది మరి.

అమలాపురంలో పదో తరగతి చదువుతున్నాను. సైన్సు ఎగ్జిబిషన్‌కి ఏం చెయ్యాలా అని వెతుకుతుంటే లైబ్రరీ పుస్తకంలో బోరోఫాగస్ బొమ్మ దొరికింది. మనిషి పుట్టకముందే అంతరించిపోయిన ప్రజాతి. చూడ్డానికి కుక్కే గానీ, నుదురు బోర్లించిన గిన్నెలా ఉబ్బి ఉంటుంది. ఎముకల్ని పటపటా నమిలేసేదట. వెదురుబద్దలు కట్టి, కొబ్బరిపీచు చుట్టి దాన్ని నిలబెట్టేను. కొబ్బరిచిప్ప అరగదీసి పళ్ళు చేసేను. వేళ్ళు చీరుకుపోయేయి. సైన్సు మాస్టారు చూసి, "ఇది జిల్లా పోటీకి కాకినాడ వెళ్ళి తీరుతుందమ్మా" అన్నారు. కాకినాడ వెళ్తే ఇంటర్లో సైన్సు గ్రూపు చదివిస్తానని నాన్నగారు మాటిచ్చేరు. వెళ్ళకపోతే టైపు నేర్చుకోవడమే.

రంగు ఆరాలని అరుగు మీద పెట్టేను. క్రిస్మస్ ముందురోజు చూస్తే లేదు. వీధంతా వెతికేను. మర్నాడు ఆరాధనకి వెళ్తే, చర్చిలో కట్టిన పశువుల పాకలో, బాలయేసు తొట్టి పక్కనే ఉంది. ఒళ్ళంతా మైదా జిగురుతో దూది అంటించేరు. నోట్లో ఒక్క పన్ను లేదు!

"నా బోరోఫాగస్‌ని ఎవరిలా చేసేరు?" అని అరిచేను. పాట ఆగిపోయింది.

నాన్నగారి అక్క, మా పెద్దత్త, నవ్వుతూ లేచేరు. ఏటా పాక కట్టించేది ఆవిడే. "గొర్రె ఒకటి తక్కువైందే. నీది అరుగు మీద ఊరికే పడుంది కదా అని తెచ్చేను. పసిబిడ్డ పక్కన ఆ కోరలేంటి? పీకించేసేను."

ఊరికే పడుందట! "అది ఎముకలు నమిలే జంతువు, గొర్రె కాదు" అంటే చర్చంతా నవ్వింది.

"పోనీలేమ్మా, దేవుడి పనికే కదా" అన్నారు పాస్టరుగారు.

"ఆయ్, అంతేనండి" అన్నారు నాన్నగారు. ఆ 'ఆయ్' నేను ఈ జన్మలో మర్చిపోను.

దూది లాగితే పీచంతా దాంతోనే ఊడొచ్చింది. కాకినాడకి ఇంకెవరిదో అగ్నిపర్వతం వెళ్ళింది. మాటంటే మాటేనని నాన్నగారు నన్ను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించేరు. అక్కని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

మరుసటేడు డిసెంబరులో పెద్దత్త మళ్ళీ దిగేరు. "కిందటేడు గొర్రె భలే కుదిరిందే అమ్మాయీ! ఇంకోటి చేసిపెట్టు, దూది నేను తెస్తా."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

చేసేను. దూది నేనే అంటించేను, తెల్లగా, ముద్దుగా. మళ్ళీ చిప్ప అరగదీసి నోటినిండా పళ్ళు పెట్టేను. ఈసారి ఎవరూ పీకలేకుండా ఒక్కోదానికీ మేకు కొట్టేను.