వెలిచ్కా నమ్మని సన్మానం

యూనివర్సిటీకి పెద్ద అయిన రెక్టర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు వెలిచ్కా నోట మొదట వచ్చిన మాట, "నేనేం చేశాను?"

ప్లోవ్‌దివ్ నగరంలో యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ గుమ్మం దగ్గర, గాజుగదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను కనిపెట్టి చూడటం ఆవిడ ఉద్యోగం. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. అందరినీ కలుపుకుపోయే సిబ్బందికి ఈ ఏడు సన్మానం చేస్తున్నారట, అందులో ఆవిడ పేరుందట.

"అదృష్టమే అక్కా! చాక్లెట్లు నువ్వే పంచాలి," అంది గదులు ఊడ్చే గింకా.

"అదృష్టమా, నా మొహమా! బాయిలర్ చూసుకునే అస్పారుహ్‌కి గోడగడియారం ఇచ్చి కౌగిలించుకున్నారు. సోమవారానికి ఆయన కుర్చీలో ఇంకోడు కూర్చున్నాడు. మరిచిపోయావా?"

"నువ్వు నీ నీడని కూడా నమ్మవు కదా!"

నమ్మదు. రోడోపి కొండల్లో పొగాకు పండించే ఇంట్లో పుట్టింది. దళారి ఎంత నవ్వుతూ తూస్తే బరువు అంత తగ్గేది. అందుకే పెద్దవాళ్లు నవ్వితే ఆవిడ కళ్లు తక్కెడ కోసం వెతుకుతాయి.

పైగా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సిన సంగతి ఒకటుంది. కిందటేడు హాస్టల్ వంటగదిలో మంటలు లేచాక, రాత్రి నుంచి తెల్లారేదాకా దానికి తాళం వేయాలని ఆజ్ఞ. టర్కీ నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలేమో ఉపవాసాల నెలలో పొద్దు పొడవకముందే తినాలి. మెట్లమీద కూర్చుని ఎండు రొట్టె కొరుక్కుంటున్న వాళ్లను చూసి వెలిచ్కా ఊరుకోలేకపోయింది. తాళం తీసింది, రోజూ తీస్తూనే ఉంది. బయటపడితే ఆవిడ ఉద్యోగమూ పోతుంది, పిల్లలకు వేడి తిండీ పోతుంది.

సన్మానం రోజు రెక్టర్ ఉమ్మడి విలువల గురించి మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ ఆయన పళ్లనే చూసింది. మరీ తెల్లగా ఉన్నాయి. ప్రశంసాపత్రం అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. అంతలో ఎలిఫ్ అనే టర్కీ అమ్మాయి వేదికెక్కి గులాబీల గుత్తి చేతిలో పెట్టింది. వెలిచ్కా లెక్కపెట్టింది. ఎనిమిది! బతికున్నవాళ్లకు బేసి పూలు, చచ్చినవాళ్లకు సరి. ఈ సంగతి ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. ముందు వరసలో గింకా శిలువ గుర్తు వేసుకుంది.

"నన్ను పాతిపెట్టమని ఎవరు పంపారే?" మైకు పక్కనే ఉందని కోపంలో చూసుకోలేదు.

ఎలిఫ్ బిత్తరపోయింది. "ఎవరూ పంపలేదు పిన్నీ. తెల్లారకుండా నీ వంటగదిలో తినేది మేం ఎనిమిది మందిమే కదా. తలా ఒకటి కొన్నాం."

హాలంతా విన్నది. రెక్టర్ నవ్వు సగంలో ఆగింది. "ఏ వంటగది? తాళం వేయట్లేదా?"

ఆ పిల్లకు మన భాష సరిగా రాదని చెప్పి తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఏం నోరు జారిందో అప్పుడే అర్థమై ఎలిఫ్ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. వెలిచ్కా ఆ మాట మింగేసింది.

"నేనే తీస్తున్నా. పొయ్యి ఆరేదాకా అక్కడే కూర్చుంటా. పిల్లల్ని పస్తు పెట్టి ఏం కలుపుకుపోతాం సార్?"

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, హాలంతా అందుకుంది. అంతమంది ముందు రెక్టర్‌కు వేరే దారి లేకపోయింది.

"మనం సన్మానించేది ఇలాంటివాళ్లనే," అన్నాడు.

"అయితే తాళంచెవి నా దగ్గరే ఉంటుందని చెప్పండి."

"ఉంటుందిలేమ్మా," అని గొణిగాడు.

"నాకు కాదు. మైకులో చెప్పండి."

చెప్పాడు. వెనక వరసలకు వినబడలేదంది. ఆయన గొంతు పెంచి మళ్లీ చెప్పాకే ఆవిడ ప్రశంసాపత్రానికి చెయ్యి చాపింది.